చర్చ: ఆరోగ్య ప్రచారంలో ‘ఊబకాయులు’ అని రాయవచ్చునా?

హనుమకొండ ఉపాధ్యాయురాలు: మా వీధిలో పెట్టిన వైద్య శిబిరంలో, బరువు తూచే యంత్రం వెనుక గోడకు, పొట్ట ముందుకు వచ్చిన ఒకావిడ బొమ్మ వేసి ‘ఊబకాయులారా, నోరు కట్టుకోండి’ అని రాసిన కాగితం అంటించారు. వరుసలో నా ముందున్న పెద్దమ్మ దానిని చదువుకొని, చేతిలోని చీటీని కొంగుకు ముడివేసి, బీపీ చూపించుకోకుండానే వెళ్లిపోయింది. ఈ రాతతో ఎవరికి మేలు జరిగినట్లు?

నర్సంపేట పాఠకుడు: ఆమె వెనుదిరగడం బాధాకరమే. కానీ మాట మెత్తబడినంత మాత్రాన ముప్పు తగ్గదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు గలవారు 2015–16లో 20.6 శాతం ఉండగా, 2019–21 నాటికి 24 శాతానికి చేరారు. ఆసియా జనాభాకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 23 దగ్గరే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే సూచించారు.

హనుమకొండ ఉపాధ్యాయురాలు: ముప్పును దాచమని నేను అనలేదండి. ‘గుడ్డివారు’ అనే మాట నుంచి ‘దృష్టిలోపం ఉన్నవారు’ అనే దాకా వచ్చిన మనం, ‘ఊబకాయం ఉన్నవారు’ అని రాయడానికి ఎందుకు వెనుకాడాలి?

పరకాల ఆశా కార్యకర్త: అసలు ఆ మాట ఎవరికి అర్థమవుతున్నదో కూడా చూడాలి. ‘ఊబకాయం’ అంటే ఉబ్బసమా అని ఒక అవ్వ నన్ను అడిగింది. మా ఊరిలో బియ్యాన్నీ, మనిషినీ ‘దొడ్డు’ అనే అంటారు. ఇంటివాళ్లు అంటే నవ్వి ఊరుకుంటారు గానీ, రిజిస్టరు పట్టుకొని వెళ్లిన నేను అంటే మరుసటి నెల తలుపు తీయరు. ముప్పై దాటినవారికి మేము నింపే పత్రంలో నడుము కొలత ఉంటుంది. ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే ముప్పు లెక్కలో మార్కు పడుతుంది. టేపు తీయగానే చాలామంది ఊపిరి బిగబట్టి పొట్టను లోపలికి లాగుకుంటారు, అది వేరే సంగతి. ‘కొలత ఎనభై దాటిందమ్మా, ఒకసారి షుగరు చూపించుకుందాం’ అంటే మాత్రం వెంట వస్తారు.

నర్సంపేట పాఠకుడు: అంకె చెప్పి ఊరుకుంటే చాలదని, దాని వెనుక ఉన్న జబ్బుల పేర్లు కూడా విడమరచి చెప్పాలని ఇప్పటికీ నా అభిప్రాయం. ‘నోరు కట్టుకోండి’ అన్న మాటను మాత్రం నేనూ సమర్థించను.

పరకాల ఆశా కార్యకర్త: జబ్బుల పేర్లు రాయండి, అభ్యంతరం లేదు. ఆ ఆవిడ బొమ్మ తీసేసి, ఆ చోట టేపు గీయించండి.