హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి పోయింది, మరి ఈ సీజన్‌లో మనం ఎవరి వైపు?

పసుపు_జెర్సీ
అన్నలూ ఒక డౌట్, తిట్టకండి. మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ ఎట్టకేలకు 2026 ఫిబ్రవరి 14న మొదలంటున్నారు. 14 టీమ్‌లు, ఒక్కొక్కరితో ఒక్కసారే ఆట, అంటే టీమ్‌కి 13 మ్యాచ్‌లు, మొత్తం 91. లిస్ట్ పైనుంచి కింద దాకా రెండుసార్లు చూశా, హైదరాబాద్ లేదు. ఉండదని తెలుసు, అయినా చూశా. 2025 అక్టోబర్‌లోనే కదా బీసీ జిందాల్ గ్రూప్ వాళ్ళు మన క్లబ్‌ని ఢిల్లీకి మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టింది. ఇప్పుడు నా ప్రశ్న ఏంటంటే, ఊరు మారినా క్లబ్ అదే కదా అని ఈ 13 మ్యాచ్‌లూ వాళ్ళకే సపోర్ట్ చేయాలా, మన ఊళ్ళోని ఇంకో క్లబ్ శ్రీనిధి డెక్కన్ వైపు వెళ్ళిపోవాలా, లేక ఐఎస్ఎల్ చూడటమే మానేయాలా?

గోల్కొండ_గల్లీ
ఏం సపోర్ట్ తమ్మీ. సామాన్లన్నీ లారీల ఏసుకోని, పేరు మార్చుకోని పోయిండ్రు, నువ్వేమో ఎనకనుంచి చెయ్యి ఊపుతనంటున్నవ్. నేనైతే ఒక్క మ్యాచ్ సుత చూడ. ఢిల్లీ ఓడిపోయిన రోజు మాత్రం చాయ్ నా తరఫున.

లెక్కల_మాస్టారు
గోల్కొండ భాయ్, కోపం సరే గానీ 2019లో ఆ టీమ్ మనకి ఎలా వచ్చిందో గుర్తుందా? ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ ఖాళీలో మనం వచ్చాం. అప్పుడు పుణెలో ఎవడో మీలాగే ఆరెంజ్ జెర్సీ పట్టుకుని కూర్చునే ఉంటాడు, మనం వాడి గురించి ఒక్క ముక్కయినా మాట్లాడామా? గచ్చిబౌలి స్టేడియంలో డప్పులు కొట్టుకున్నాం. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళిపోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది, ఢిల్లీ వాళ్ళు ఆరేళ్ళు టీమ్ లేకుండా ఉన్నారు, ఇప్పుడు మనది పట్టుకెళ్ళారు. కుర్చీలాట ఇది, మ్యూజిక్ ఆగినప్పుడు ఈసారి మనం నిలబడిపోయాం, అంతే.

గోల్కొండ_గల్లీ
మాస్టారు, మనకొచ్చింది ఖాళీ జాగ, ఆళ్ళు కొంటవోయింది కప్పు కొట్టిన టీమ్. రెండూ ఒకటెట్లయితయ్? 2022 మార్చి 20, గోవాల ఫటోర్డల ఐఎస్ఎల్ ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ తోని. 68వ నిమిషంల ఆళ్ళ రాహుల్ గోల్ కొట్టంగనే మా తమ్ముడు లేచి అన్నం తినవోయిండు, ఇగ అయిపాయె అని. 88ల మన సాహిల్ టవోరా బాక్స్ బయటికెళ్ళి గోల్ కొట్టిండు సూడు, ఆడు పళ్ళెం పట్టుకోని ఉరికొచ్చిండు. పెనాల్టీలల్ల మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు, 3-1. మూడోది ఆపినప్పుడు ఫోన్ నా చేతులకెళ్ళి జారి గచ్చు మీద పడ్డది, స్క్రీన్ మీద గీత ఇప్పటికీ ఉన్నది, మార్పియ్యలే. ఆ కప్పు ఇప్పుడు ఢిల్లీ క్లబ్ ఖాతాల రాస్తరా? గది చెప్పు ముందుగాల.

పసుపు_జెర్సీ
నాకూ అక్కడే మండుతోంది అన్నా. ఇంకో విషయం చూడండి, ఆ కప్పు గెలిచిన సీజన్ మొత్తం కోవిడ్ వల్ల గోవాలోనే జరిగింది, అంతకు ముందు సీజన్ కూడా అంతే. మన స్ట్రైకర్ ఓగ్బెచే 18 గోల్స్ కొట్టిన సీజన్‌లో ఒక్క గోల్ కూడా గచ్చిబౌలిలో పడలేదు. మన ఊరి పేరుతో ఛాంపియన్ అయిన టీమ్ ఆ ఏడాది మన ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

రాయదుర్గం_లాస్ట్_మెట్రో
అందరూ ఓనర్లనే తిడుతున్నారు, స్టేడియంకి ఎంతమంది వచ్చారో కూడా మాట్లాడుకోండి. నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చేవాణ్ణి. వర్కింగ్ డే రాత్రి ఏడున్నరకి మ్యాచ్ పెడితే ఆఫీసు నుంచి పర్మిషన్ తీసుకుని, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి అక్కడి నుంచి ఆటో వాడితో బేరమాడి లోపలికి వెళ్ళేసరికి పావుగంట ఆట అయిపోయేది, తీరా చూస్తే అవతలి టీమ్ వాళ్ళ అరుపులే ఎక్కువ వినిపించేవి, బ్లాస్టర్స్ వచ్చిన రోజైతే మనం కొచ్చిలో ఉన్నామా అనిపించేది. మన స్టాండ్‌లో డ్రమ్ కొట్టేవాళ్ళు ఎప్పుడూ అవే మొహాలు. పక్క సీట్ల మీద దుమ్ము ఎంతుండేదంటే కర్చీఫ్ లేకుండా కూర్చోలేం.

గోల్కొండ_గల్లీ
జీతాలియ్యని టీమ్‌ని సూడనీకి ఎవడొస్తడు?

లెక్కల_మాస్టారు
అది మాత్రం ఒప్పుకుంటా. 2022-23లో లీగ్‌లో రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. తర్వాతి సీజన్‌కే జీతాల గొడవ, కొత్త ప్లేయర్లని తీసుకోకుండా ట్రాన్స్‌ఫర్ బ్యాన్, ఫారిన్ ప్లేయర్లు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్ళిపోయారు, కుర్రాళ్ళని పెట్టి లాక్కొచ్చారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, అది చెన్నైయిన్ మీద, 8 పాయింట్లు, అట్టడుగు. కప్పు గెలిపించిన కోచ్ మనోలో అప్పటికే ఎఫ్‌సీ గోవాకి వెళ్ళిపోయాడు. జిందాల్ వాళ్ళు కొన్నది ఆ స్థితిలో ఉన్న టీమ్‌ని. కొన్నాక 2024-25లో 13 టీమ్‌ల్లో 12వ స్థానం. వాళ్ళు కొనకపోతే టీమ్ ఢిల్లీకి పోవడం కాదు, అసలు ఉండేదే కాదు. కాబట్టి నేను ఢిల్లీ మ్యాచ్‌లు చూస్తా, జై కొట్టను, కానీ చూస్తా.

బెజవాడ_బ్యాక్
మీ ఏడుపు చూస్తుంటే నాకు నవ్వొస్తుందండీ, ఏమీ అనుకోకండి. శ్రీనిధి డెక్కన్ అంటున్నారు కదా, ఆ క్లబ్ 2021-22లో ఐఎస్ఎల్ కింది లీగ్ అయిన ఐ-లీగ్‌లోకి వచ్చింది వైజాగ్ పేరుతో. కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా బెంగాల్లో ఆడించారు, తర్వాతి సీజన్‌కి చూస్తే హైదరాబాద్ టీమ్ అయిపోయింది. మా వైజాగ్ బావ ఒకడు స్కార్ఫ్ కూడా కుట్టించుకున్నాడు పాపం. అప్పుడు మీలో ఎవరైనా అడిగారా, ఆంధ్రా వాళ్ళ టీమ్ మాకెందుకు అని? చక్కగా తీసుకున్నారు. ఇప్పుడు ఢిల్లీ వాళ్ళు తీసుకుంటే దొంగతనం అయిపోయిందా?

గోల్కొండ_గల్లీ
…గిది నాకు ఎరుక లేకుండె. సరే, నీకో చాయ్ బాకీ.

ఫతే_మైదాన్_తాత
పిల్లలూ, క్లబ్ పేరు గురించి ఇంత కొట్టుకుంటున్నారు. మా చిన్నప్పుడు ఇంట్లో ఫుట్‌బాల్ అంటే సిటీ పోలీస్ టీమ్. 1950 నుంచి వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు పట్టుకొచ్చారు బొంబాయి నుంచి, రహీం సాబ్ కోచ్. ఆయన ఇండియా టీమ్‌ని 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళాడు, 1962లో జకార్తాలో కొరియా మీద 2-1తో ఏషియన్ గేమ్స్ గోల్డ్. సికింద్రాబాద్ కుర్రాడు బలరాం ఆ టీమ్‌లో ఉన్నాడు. అప్పుడు ఆటగాడికి పోలీస్‌లోనో రైల్వేలోనో ఉద్యోగం ఉండేది, టీమ్‌ని ఎవరూ ఎత్తుకుపోయేవాళ్ళు కాదు, ఎత్తుకుపోతే డిపార్ట్‌మెంట్‌ని ఎత్తుకుపోవాలి. మీ పసుపు టీమ్ ఫైనల్ మా మనవడు చూపించాడు, బాగా ఆడారు, కాదనను. అందులో మన గల్లీ పిల్లలు ఎంతమంది అని అడిగితే వాడు ఫోన్ చూసుకున్నాడు.

రాయదుర్గం_లాస్ట్_మెట్రో
తాతగారూ నమస్తే 🙏 మీ పాయింట్‌కి జవాబు లేదు. కానీ ఆ లెక్కన శ్రీనిధి మీద కూడా అదే ప్రశ్న వేయాలి కదా.

లెక్కల_మాస్టారు
వేయాలి. కానీ శ్రీనిధికి సొంత గ్రౌండ్ ఉంది, అజీజ్ నగర్‌లో డెక్కన్ అరీనా. అద్దె స్టేడియం కాదు కాబట్టి రాత్రికి రాత్రి లారీ ఎక్కించలేరు. అదీగాక ఐ-లీగ్ గెలిస్తే ఐఎస్ఎల్‌కి ప్రమోషన్, వీళ్ళు 2022-23లో రెండో స్థానం, ఆ ఏడాది పంజాబ్ పైకెళ్ళింది, 2023-24లో మళ్ళీ రెండో స్థానం, మహమెడన్ పైకెళ్ళింది. ఆ రెండింట్లో ఒక్కటి గెలిచినా ఇప్పుడు ఈ ప్రశ్నే వచ్చేది కాదు, 14 పేర్లలో హైదరాబాద్ టీమ్ ఒకటి ఉండేది, అదీ డబ్బు పెట్టి కొనుక్కున్న సీటు కాదు, ఆడి తెచ్చుకున్నది. నా ఓటు దానికే.

బెజవాడ_బ్యాక్
మాస్టారూ, ఇందాకే కదా ఢిల్లీ మ్యాచ్‌లు చూస్తా అన్నారు?

లెక్కల_మాస్టారు
చూడటం వేరు, ఓటు వేరు.

పసుపు_జెర్సీ
సరే, నేను ఫిక్స్ అయ్యా. టీవీలో ఢిల్లీ మ్యాచ్ వస్తే ఛానెల్ మార్చను, అరవను కూడా. గ్రౌండ్‌కి వెళ్ళేది మాత్రం అజీజ్ నగర్‌కే. ఎవరైనా వస్తారా, అటు బస్సులు ఎలా ఉంటాయో నాకు ఐడియా లేదు.

గోల్కొండ_గల్లీ
బస్సు మీద ఆశ వెట్టుకోకు, పోవుడు అయితది గని రాత్రి రిటర్న్ తిప్పలు. నా బండి మీద ఒక్కలకి జాగ ఉన్నది, లంగర్ హౌస్ కాడ ఎక్కించుకుంట.

పసుపు_జెర్సీ
థాంక్స్ అన్నా. కానీ జెర్సీ? నా దగ్గర ఆ పసుపుదొక్కటే ఉంది, వెనకాల ఓగ్బెచే అని.

గోల్కొండ_గల్లీ
పైనకెళ్ళి స్వెటర్ ఏస్కో. అటు దిక్కు రాత్రి మస్తు సలి ఉంటది.