రక్తం చిక్కదనం: తేడా మనిషిలోనా, నమూనాలోనా?

భీమవరం సభ్యుడు:
రొయ్యల చెరువు గట్ల మీద రోజంతా ఎండలో తిరిగే మా బావగారికి రక్తపరీక్షలో పీసీవీ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే వాటా, శాతంలో) 52 వచ్చింది. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడిందని నేనంటున్నాను. నమూనా తీసిన తీరే కారణమని ఇంట్లో కొందరి వాదన. సూది గుచ్చిన తీరుకు అంత తేడా వస్తుందంటే నమ్మలేకపోతున్నాను.

అమలాపురం ల్యాబ్ టెక్నీషియన్:
సూదిని కాదండీ, పట్టీని చూడాలి. నరం దొరకడం లేదని జబ్బకు కట్టిన రబ్బరు పట్టీని నిమిషం దాటినా విప్పకుండా, పిడికిలి మూసి తెరవమంటూ ఉంటే, నరంలోని నీరు చుట్టూ ఉన్న కండలోకి జారిపోయి, కణాలూ ప్రోటీన్లూ మిగిలిన కాస్త రక్తంలోనే చిక్కబడతాయి. పొద్దుటి నుంచి నిలబడి ఉన్న మనిషిని కాసేపు కూర్చోబెట్టకుండా తీసినా పీసీవీ పెరిగే కనిపిస్తుంది. నీలం మూత గొట్టంలో జరిగేది దీనికి విరుద్ధం: తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ద్రవం (రక్తం గడ్డకట్టకుండా ఆపేది) కలుస్తుంది కనుక 45 కాస్తా 40.5 అవుతుంది. ఇక ఊదా మూత గొట్టాన్ని ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తిరగేయకపోతే కణాలు అడుగుకు దిగి, పైచుక్క ఒక లెక్కా అడుగుచుక్క మరో లెక్కా చెబుతాయి.

రాజమహేంద్రవరం పాథాలజీ అధ్యాపకుడు:
ఇదంతా పీసీవీ సంగతి. చిక్కదనాన్ని నిజంగా కొలిచేది విస్కోమీటర్. మామూలు ల్యాబులో అది ఉండదు. పీసీవీ సమానంగా ఉన్న ఇద్దరిలో ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్) ఎక్కువున్నవారి ఎర్రకణాలు నాణేల దొంతరలా అతుక్కుంటాయి కాబట్టి, నెమ్మదిగా కదిలేటప్పుడు ఆ రక్తమే ఎక్కువ చిక్కగా ఉంటుంది. వేగం పెంచితే దొంతరలు విడిపోయి పలచబడుతుంది. ఏ వేగం దగ్గర కొలిచారో చెప్పని అంకెను నేను పక్కన పెడతాను. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే చిక్కదనం సుమారు 2 శాతం పెరుగుతుంది. 37 డిగ్రీల వద్ద చూడవలసిన నమూనాను ఏసీ గదిలో 25 వద్ద చూస్తే దాదాపు పాతిక శాతం తేడా అక్కడే వస్తుంది.

భీమవరం సభ్యుడు:
అయినా 52 మొత్తాన్ని పట్టీ మీదికి నెట్టడం న్యాయం కాదు.

అమలాపురం ల్యాబ్ టెక్నీషియన్:
నేనూ అలా నెట్టడం లేదండీ. చెరువుకు వెళ్లకముందే, నీళ్లు తాగించి, పావుగంట కూర్చోబెట్టి, గొట్టంలోకి రక్తం రాగానే పట్టీ విప్పమని చెప్పి మళ్లీ తీయించండి. అప్పుడూ 49 దాటితే ఎండనూ ల్యాబునూ వదిలి, పొగతాగే అలవాటు, ఊపిరితిత్తులు, ఎముక మజ్జ సంగతి చూడమని డాక్టరు గారిని అడగండి.