గ్రీన్ బేకి కొత్త: ఇల్లు, హీటింగు, ఇంతకీ ఈ లాంబో ఎవరు?

కొత్తగా దిగినవాడు, గ్రీన్ బే:
అందరికీ నమస్కారం. పోయిన వారమే విస్కాన్సిన్ వచ్చాను. హీటింగ్ అద్దెలోనే కలిసుండే సింగిల్ బెడ్రూం ఎక్కడ దొరుకుతుంది? ఇంకోటి, ఆఫీసులో లంచ్‌కి కూర్చుంటే చాలు, లాంబో, లాంబో అంటారు. స్టేడియం పేరని తెలుసు. మనిషెవరు?

ఆపిల్టన్ అన్న:
తమ్ముడూ, ఇల్లు ఎక్కడికీ పోదు. ముందు లాంబో సంగతి తెలుసుకో, ఆ ఊళ్లో అది రేషన్ కార్డు లెక్క. కర్లీ లాంబో అక్కడి కుర్రాడే, 1898లో పుట్టాడు. నోటర్ డేమ్ యూనివర్సిటీలో కోచ్ న్యూట్ రాక్నీ దగ్గర ఒక్క సీజన్ ఆడాడు, టాన్సిల్స్ జబ్బుతో ఇంటికొచ్చి మళ్లీ కాలేజీ మొహం చూడలేదు. ఇండియన్ ప్యాకింగ్ కంపెనీలో ఉద్యోగం. (మనవాళ్లనుకునేవు! మాంసం డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్లు.) 1919లో కాల్హూన్ అనే విలేకరితో కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పెట్టాడు. జెర్సీలకు 500 డాలర్లు ఆ కంపెనీయే ఇచ్చింది, అందుకే ప్యాకర్స్. మొదటి ఏడే 11 ఆటల్లో 10 గెలిచారు. 1921లో ఇప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్) చేరారు. 1929 వరకు తనే ఆడాడు, 1949 దాకా తనే కోచ్. బంతి చంకన పెట్టుకుని గుద్దుకుంటూ పోయే రోజుల్లో గాల్లో విసిరి ఆడించాడు. 1935లో బంతి పట్టడంలో మొనగాడు డాన్ హట్సన్ వచ్చాక ఇక ఆ విసురుడికి అడ్డే లేదు.

మిల్వాకీ అక్క:
పాపం పిల్లాడు ఇల్లు అడిగితే మీరు పురాణం విప్పారు. బాబూ, నా మొదటి ఇంటి ఓనరు (పేరెందుకులే) వంటింటి గోడ మీద పోపు మరకలని డిపాజిట్‌లో సగం కోసేశాడు. ఆ మరకలు నేను దిగేనాటికే ఉన్నాయి. ముందున్నదీ మన తెలుగువాళ్లే, అందుకే వాడు నమ్మలేదు! దిగినరోజు ఫోటోలు తీయకపోవడం నా బుద్ధి తక్కువ. రూలు రాసుకో: దిగిన 7 రోజుల్లో ఇంట్లో లోపాలన్నీ కాగితం మీద పెట్టి ఇవ్వు. ఖాళీ చేశాక 21 రోజుల్లో వాళ్లు డిపాజిట్ తిరిగివ్వాలి. కోసుకుంటే దేనికెంతో రాసివ్వాలి. నేను రెండు ఉత్తరాలు రాసి, చివరికి మా ఆయన్ను వెంటేసుకుని వెళ్తే గానీ డబ్బు రాలేదు.

నేపర్‌విల్ బాబాయి:
ఆపిల్టన్ ఆయన ఒక ముక్క మింగేశాడు. కాలేజీ కుర్రాళ్లను దొంగ పేర్లతో ఆడించాడని 1921 సీజనవగానే లీగులో ఆడే హక్కు (ఫ్రాంచైజీ) పీకేశారు. 1922లో తంటాలుపడి తెచ్చుకున్నాడు. కోచ్ అంటే మా షికాగో బేర్స్ జట్టు జార్జ్ హలాస్. 1920లో ఒహాయోలోని కాంటన్‌లో కార్ల షోరూంలో లీగు పుట్టినప్పుడే అక్కడున్నాడు. 1923లో పేరుమోసిన ఆటగాడు జిమ్ థోర్ప్ జారవిడిచిన బంతి అందుకుని 98 గజాలు ఉరికాడు. 40 సీజన్లు కోచింగ్!

ఆపిల్టన్ అన్న:
బాబాయ్, ఆయనకీ ఆరు ఛాంపియన్‌షిప్‌లే, లాంబోకీ ఆరే. 1929, 30, 31 వరసగా కొట్టాం. హలాస్ వరసగా మూడు ఎప్పుడు కొట్టాడు?

నేపర్‌విల్ బాబాయి:
మీ గ్రీన్ బేకి కొత్త స్టేడియం కావాలా వద్దా అని 1956లో ఓటింగ్ పెడితే, కట్టుకోండయ్యా అని వచ్చి చెప్పింది మా హలాసే. మీ లాంబో అప్పటికే మిమ్మల్ని వదిలి, మా షికాగోలోని ఇంకో జట్టు కార్డినల్స్‌కి కోచింగ్ చేసి, వాషింగ్టన్ జట్టు కూడా చుట్టొచ్చాడు.

మిల్వాకీ అక్క:
లాంబో ప్యాకర్స్‌ని వదిలి ఊరికే పోయాడా? 1946లో ప్రాక్టీసుకని రాక్‌వుడ్ లాడ్జ్ కొనిపించాడు, ఖర్చు చూసి బోర్డుకి మండింది. 1950 జనవరిలో అది తగలబడింది, వారం తిరిగేసరికి ఈయన రాజీనామా. జట్టును గట్టెక్కించింది ఆ ఇన్సూరెన్స్ డబ్బే. ఇంత జరిగాక 1965లో ఆయన పోయిన ఏడాదే స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. బతికుండగా కుదరలేదు మరి.

కొత్తగా దిగినవాడు:
అందరికీ థాంక్సండీ. ఆ హీటింగ్ సంగతి...

ఆపిల్టన్ అన్న:
కలిపే ఇస్తాం అని నోటిమాటగా చెబితే నమ్మకు, లీజులో రాయించు. ఆదివారం మ్యాచ్‌కి పిలిస్తే మాత్రం బాబాయి పంపే బేర్స్ నారింజ చొక్కా వేసుకెళ్లకు.