సమస్యాపూరణం: "ఓటు లేనట్టివాఁడె తా నొడయఁ డయ్యె"

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం ఇస్తున్నది తేటగీతి పాదం.

*ఓటు లేనట్టివాఁడె తా నొడయఁ డయ్యె*

కంపెనీకి ఓటరు కార్డు ఉండదు. దాని వేలి మీద సిరా చుక్క పడదు. అయినా మన ప్రభుత్వాలు ఎవరి మాటకు చెవి ఒగ్గుతున్నాయో చూస్తూనే ఉన్నాం. 2018 జనవరి 2న అమల్లోకి వచ్చి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసిన ఎన్నికల బాండ్ల పథకాన్ని (స్టేట్ బ్యాంకులో బాండు కొని, పేరు బయటపడకుండా పార్టీకి విరాళమిచ్చే ఏర్పాటు) మనసులో పెట్టుకుని ఈ పాదం కట్టాను. అందరూ దాని మీదే రాయాలని లేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత, ఓ–ఒ (తాన్ + ఒడయఁడు; ఒడయఁడంటే యజమాని). అరసున్నలు, బండి ఱలు పెట్టకపోయినా పట్టించుకోను. గణం తప్పినా, యతి తప్పినా మాత్రం ఊరుకోను. భావం అబద్ధమైతే అసలే ఊరుకోను.

గౌతమీతీరం:

కోటి రూపాయలకు బాండు కొన్న సంస్థ
పేరు తెలియని తెరచాటు పెత్తనమ్ము
చేసి, చట్టాలఁ దనకుఁ దాఁ జెక్కుకొనియె;
ఓటు లేనట్టివాఁడె తా నొడయఁ డయ్యె!

నిర్వాహకుడు:
మొదటి పాదం చదవగానే ప్రాణం లేచి వచ్చింది. బాండ్లు వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి రూపాయల విలువల్లో అమ్మేవారు. మీరు పట్టుకున్నది అందులో పెద్దది. "రూపాయలకు బాండు" అన్న చోట సలం హాయిగా కూర్చుంది.

రెండు మాటలు చెప్పాలి. "కొనియె" ద్రుతాంతం, అంటే చివర "న్" చేరే మాట. ఆగకుండా చదివితే "కొనియె నోటు లేనట్టివాఁడె" అవుతుంది, అప్పుడు వినేవారి చెవిలో ఓటు కాస్తా నోటైపోతుంది! అక్కడ మీరు పెట్టిన విరామమే పద్యాన్ని కాపాడింది. చదివేటప్పుడు తప్పకుండా ఆగండి.

రెండోది భావం. "చట్టాలఁ దనకుఁ దాఁ జెక్కుకొనియె" అంటే కంపెనీయే కలం పట్టి చట్టం రాసుకున్నట్టు. కలం పట్టింది పార్లమెంటు. కంపెనీల చట్టం 182వ సెక్షన్ ప్రకారం అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఏ కంపెనీ విరాళం ఇవ్వకూడదు. 2017 ఆర్థిక చట్టం ఆ హద్దును ఎత్తేసింది. ఏ పార్టీకి ఎంత ఇచ్చారో కంపెనీ లెక్కల్లో చూపాలన్న నియమమూ పోయింది. తీర్పు వచ్చేదాకా నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వగలిగేది. దీన్ని ద్రవ్య బిల్లుగా తెచ్చారు కాబట్టి రాజ్యసభకు సవరించే అధికారం లేకపోయింది. ఈ పని చేసినవారి పేరు దాచి, నేరమంతా కొన్నవాడి మీదే మోపితే పద్యం సగం నిజమే చెప్పినట్టు.

గౌతమీతీరం:
ఒప్పుకుంటున్నాను గురువుగారూ. కోపంలో రాశాను. మూడో పాదం ఇలా మార్చుకుంటాను:

చేసి, చట్టాల దారినే చెఱచుచుండె;

అయితే ఒక్క మాట. కంపెనీ ఇచ్చే విరాళం వ్యాపార లావాదేవీయే అనీ, బదులుగా ఏదో లాభం ఆశించే ఇస్తుందనీ తీర్పులోనే ఉంది. పౌరుడు తన ఇష్టంతో ఇచ్చే పది రూపాయలనూ, కంపెనీ ఇచ్చే కోట్లనూ ఒకే గాటన కట్టకూడదని న్యాయమూర్తులే అన్నప్పుడు నేను ఊహించి రాసింది ఎక్కువేమీ లేదు.

నిర్వాహకుడు:
ఈ సవరణ బాగుంది. యతి చే–చె. పద్యం నిలబడింది.

పాత దస్తావేజు:
నాది రెండు వందల అరవై ఏళ్ల నాటి సంగతి.

కప్పమును గట్టి సర్కార్లఁ గౌలు నొంది
వర్తకమ్మునకై వచ్చి వసుధ నేలె
నాఁటి కుంపిణి; రైతుల నడుగలేదు;
ఓటు లేనట్టివాఁడె తా నొడయఁ డయ్యె!

నిర్వాహకుడు:
"కుంపిణి" అన్న మాట కనబడగానే మా తాతగారి గొంతు వినిపించింది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని, ఏటా కప్పం కడతామని ఉత్తర సర్కారులను (మన కోస్తా ప్రాంతాన్ని) చేజిక్కించుకున్న ఈస్టిండియా కంపెనీయే ఆ తర్వాత మన జిల్లాలకు ప్రభుత్వమైంది. విషయం గట్టిది.

మూడో పాదంలో యతి తప్పింది. "రైతుల నడుగ" అన్నది రైతులన్ + అడుగ. ద్రుతం మీద అచ్చు వచ్చి చేరినప్పుడు యతి ఆ అచ్చుకే చెల్లుతుంది, నకారానికి చెల్లదు. "నాఁటి"కి అది సరిపోదు. "నాఁటి కుంపిణి, పల్లెల నాడిఁ గనునె?" అంటే సరిపోతుంది.

గౌతమీతీరం:
నాకు ఇంకో ఇబ్బంది కనిపిస్తోంది. కుంపిణివారికి ఓటు లేదనలేం. లండన్‌లో వాటాదారుల సభ ఉండేది. 1773 తర్వాత వెయ్యి పౌండ్ల వాటా ఉన్నవారికి అక్కడ ఓటు. ఓటు లేనిది గోదావరి గట్టున పన్ను కట్టిన రైతుకు! కాబట్టి ఇక్కడ సమస్య తలకిందులవుతోంది.

పాత దస్తావేజు:
మీరు చెప్పింది నిజం. సవరణ స్వీకరిస్తున్నాను. ఓటు సంగతి మాత్రం ఈ పద్యంలో సర్దలేను, ఇంకో పద్యం రాస్తాను.

నిఘంటువు పిచ్చి:

ఇరువు రభ్యర్థులకు ధన మిచ్చె నతఁడు,
ఎవరు గెలిచిన నేమి? తా నెదురులేక
కోరు పనులెల్లఁ జేయించుకొనును గాదె!
ఓటు లేనట్టివాఁడె తా నొడయఁ డయ్యె.

ఇక్కడ "ఓటు" ఇంగ్లీషు నుంచి వచ్చిన ఓటు కాదు, మన ఓటు. "ఓటువడు" అంటే ఓడిపోవు. ఓటమి అన్నదే లేనివాడు ఒడయడయ్యాడని అన్వయం.

నిర్వాహకుడు:
చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నేను ఇచ్చిన పాదంలో ఈ అర్థం దాగి ఉందని నాకే తట్టలేదు. ఎన్నికల్లో ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. ఇద్దరికీ ఇచ్చినవాడికి ఓటమి ఎక్కడిది? సమస్యాపూరణం అంటే ఇదే.

క్యాషు కౌంటరు:
అద్భుతంగా ఉందండీ. ఒక చిన్న సంగతి చెబుతాను, తప్పుగా అనుకోకండి. బాండు అభ్యర్థికి ఇచ్చేది కాదు. గుర్తింపు లేని పార్టీకీ, స్వతంత్రుడికీ అది చెల్లదు. గత లోక్‌సభ ఎన్నికల్లో గానీ శాసనసభ ఎన్నికల్లో గానీ కనీసం ఒక శాతం ఓట్లు వచ్చిన నమోదిత పార్టీయే దాన్ని సొమ్ము చేసుకోగలిగేది. ఊళ్లో ఎవరి అండా లేకుండా నిలబడ్డ మనిషికి ఆ తలుపు మొదటి నుంచీ మూసే ఉంది.

నిఘంటువు పిచ్చి:
ఇది నాకు తెలియదమ్మా. మంచి మాట చెప్పారు. "ఇరు బలమ్ములకును ధన మిచ్చె నతఁడు" అని మార్చాను. "గుర్తింపు లేని పార్టీ" అన్న చోట మీరు "ఒక శాతం కూడా రాని పార్టీ" అని ఉద్దేశించారు కదా?

క్యాషు కౌంటరు:
అవునండీ, అదే. ఇక నా పూరణ.

కంటి కందని సంఖ్యతోఁ గాగితమ్ము;
బ్యాంకు కెఱుకయె; పుచ్చుకొన్ పార్టి కెఱుక;
ఓటు గలయట్టి నాకె లే దూసు గూడ;
ఓటు లేనట్టివాఁడె తా నొడయఁ డయ్యె!

నేను వేరే బ్యాంకులో ఇరవై రెండేళ్లు నగదు కౌంటరులో కూర్చున్నాను. అనుమానం వచ్చిన నోటును ఊదారంగు దీపం కింద పెడతాం. మామూలు వెలుగులో తెల్లగా ఉన్న కాగితంలో సన్నని పోగులు ఒక్కసారిగా మెరుస్తాయి. చేరిన కొత్తలో రోజూ అదొక వింత నాకు. 2018లో ఒక విలేఖరి వెయ్యి రూపాయల బాండు కొని ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తే, అలాంటి దీపం కిందే కనబడే అక్షరాలు, అంకెలు బయటపడ్డాయి. ఆ వార్త చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దొంగనోటు పట్టుకోవడానికి మేము వాడే దీపం కింద, మా దేశంలో ఎవరు ఎవరికి డబ్బిచ్చారన్న జాడ దాక్కుని ఉందని!

నిర్వాహకుడు:
అమ్మా, ఈ పద్యం గురించి ఏమి రాయాలో కాసేపు తోచలేదు. మూడో పాదం "ఓటు గలయట్టి" అని, నాలుగోది "ఓటు లేనట్టి" అని ఎదురెదురుగా నిలబెట్టారు. సమస్యలోని విరోధాన్ని విప్పకుండా ఇంకా బిగించారు, అదే పూరణ అయింది. "పుచ్చుకొన్" అని పొల్లు చేసి రగణం సాధించడం కూడా చక్కగా అతికింది.

చదువరుల కోసం మిగతా కథ. దాత పేరు ఓటరుకు తెలియకపోవడం రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణ ఇచ్చిన సమాచార హక్కుకు విరుద్ధమని ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు. కోర్టు ఇమ్మన్న బాండ్ల వివరాలు ఇవ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగింది. మార్చి 11న కోర్టు కుదరదంది. మార్చి 14న కొన్నవారి జాబితా, తీసుకున్నవారి జాబితా విడివిడిగా ఎన్నికల సంఘం వెబ్‌సైటులోకి ఎక్కాయి. ఈ అమ్మ చెప్పిన అంకెలు వస్తే గానీ రెండిటినీ ముడివేయడానికి వీలు కాలేదు. అవి మార్చి 21న వచ్చాయి. కొన్నవారిలో మొదటిది లాటరీల వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. ఓటరు ఆరేళ్లు చీకట్లో ఉన్నాడు. ఆ ఆరేళ్లలో ఒక లోక్‌సభ ఎన్నిక, ఎన్నో శాసనసభ ఎన్నికలు జరిగిపోయాయి.

కొత్త కలం:
నమస్కారమండీ. నాది మొదటి ప్రయత్నం. ఇంజినీరింగ్ చదువుతున్నాను.

పన్ను రాయితీలను బొంది పైకమెల్ల
కూడఁబెట్టెను, నేఁడు తాఁ గోరినంత
భూమి, నీళ్ళును దక్కె. నే పొద్దు కైన
లోటు లేనట్టివాఁడె తా నొడయఁ డయ్యె!

నిర్వాహకుడు:
నాయనా, మొదటి మూడు పాదాల్లో గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మొదటి ప్రయత్నంలో ఇంత శుద్ధంగా రాసేవారు తక్కువ. అయితే ఇచ్చిన పాదాన్ని మార్చకూడదు. "లోటు" అనేసరికి లో–నొ యతి చెడింది. అంతకన్నా పెద్ద నష్టం, పద్యంలోంచి ఓటు పోయింది. లోటు లేనివాడు యజమాని కావడంలో విడ్డూరం ఏముంది? లోకంలో ఎప్పుడూ జరుగుతున్నదే అది.

నువ్వు పెట్టిన "ఏ పొద్దు కైన" ఎంత మంచి మాటో చూసుకున్నావా? ఆ ఒక్క ల తీసేసి మళ్లీ చదువు.

కొత్త కలం:
చదివాను గురువుగారూ.

భూమి, నీళ్ళును దక్కె. నే పొద్దు కైన
ఓటు లేనట్టివాఁడె తా నొడయఁ డయ్యె!

మా నాన్నకు నలభై ఏళ్లుగా ఓటుంది. మా చేనుకు నీళ్లు మాత్రం ఇంకా రాలేదు. ఇది ఆయనకు చదివి వినిపిస్తాను.