వానాకాలం వరండాలో, పరుగంటే వెనక్కి తగ్గే పిల్లలకు ఏం చేయించాలి?

పీఈటీలకు, కోచ్‌లకు నమస్కారం. అమలాపురం దగ్గర హైస్కూల్లో 8, 9 తరగతులకు ఆటలు చెబుతున్నాం. 5–17 ఏళ్లవాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మాకు దక్కేది ఒక్క పీరియడ్, అందులోనూ కొందరు పక్కకెళ్లి కూర్చుంటారు, ముఖ్యంగా ఆడపిల్లలు.

ఇప్పుడు చేయిస్తున్నది: 5 నిమిషాల నడక, ఆపైన నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా 6 సార్లు. పరిగెడుతూనే ఒక వాక్యం పూర్తిగా పలకగలగాలి, లేదంటే వేగం ఎక్కువైనట్టే. బెడిసేది మొదటి రౌండ్లోనే. కబడ్డీ ఆడేవాళ్లు ముందు దూకుతారు, మిగతావాళ్లు వాళ్లను అందుకోబోయి మూడో రౌండుకే డొక్కలో పోటని ఆగిపోతారు. నిదానంగా పరిగెత్తేవాళ్లను ముందు నిలబెడితే ఇది చాలావరకు తగ్గింది. పుషప్స్ ముందు గోడకు, తర్వాత బెంచీకి, ఆఖర్న నేలమీద. నడుం కిందికి జారిందంటే ఒక మెట్టు వెనక్కి.

చిక్కంతా వానల్లో. డెల్టా బంకమట్టి తడిస్తే గ్రౌండు ఓ పట్టాన ఆరదు. వరండా 20 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, పిల్లలు 40 మంది. తడి గచ్చు జారుతుంది, గెంతులు కుదరవు.

ఇంత ఇరుకులో, అందరి కళ్లూ ఒకరిమీదే పడకుండా, ఆయాసం వచ్చేలా ఏం చేయించవచ్చు? జట్లుగా విడగొడితే ఒక్కో చోట ఎంతసేపు? ఎవరి లెక్క వాళ్లకే తెలిసేలా ఎలా రాయిస్తున్నారు? బోర్డుమీద పెడితే వెనకబడ్డవాళ్లు మర్నాడే బూట్లు మర్చిపోయామంటారు. యోగా మాత్రం చెప్పకండి, అది పొద్దున అసెంబ్లీలో అవుతోంది.