రోమేర్ ‘వేసవి కథ’లో గాస్పార్ నిజంగా ప్రేమనే వెతుకుతున్నాడా?

ప్రశ్న:
ఎరిక్ రోమేర్ 1996లో తీసిన ఫ్రెంచి చిత్రం ‘కోంత్ దేతే’, అంటే ‘వేసవి కథ’, నిన్న రాత్రి చూశాను. గణితం చదువుకున్న గాస్పార్ అనే యువకుడు, తను ప్రేమిస్తున్న లేనా వస్తుందన్న ఆశతో బ్రిటనీ తీరంలోని దినార్‌కు చేరుకుంటాడు. ఆమె చాలా రోజుల వరకు రాదు. ఈలోగా అతనికి మార్గోతో స్నేహం, సొలెన్‌తో చనువు కలుగుతాయి. వెస్సాన్ ద్వీపానికి వెళదామన్న మాట ముగ్గురి దగ్గరా ఎత్తి, చివరికి ఎవరితోనూ వెళ్ళడు. ఇంతటి పిరికివాడి కథను దర్శకుడు ఇంత ఆదరంగా ఎందుకు చెప్పినట్టు?

మొదటి జవాబు:
అతను ఎవరి దగ్గర ఎలా మాట్లాడుతున్నాడో గమనిస్తే ఆ ఆదరానికి కారణం తెలుస్తుందని నా నమ్మకం. సినిమా మొదలయ్యాక చాలాసేపు అతని నోట మాటే రాదు. పడవ దిగుతాడు, గదిలో సామాను దించుతాడు, గిటారు వాయించుకుంటాడు, సముద్రపు ఒడ్డున ఒంటరిగా తిరుగుతాడు. అక్కడ మార్గో పలకరించినప్పుడు, హోటల్లో తనకు వడ్డించిన అమ్మాయి ఈమేనని వెంటనే పోల్చుకోలేకపోతాడు. ఎదురుగా ఉన్న మనిషి కంటికి ఆనదు, రాని మనిషి మీదే ధ్యాస. అయినా ఆ మార్గోతోనే తీరం వెంట గంటల తరబడి నడుస్తూ, ఆమెను మెప్పించే పని లేదన్న ధీమాతో, మనసులో ఉన్నదంతా చెప్పుకుంటాడు. అతను వెతుకుతున్న ప్రేమ ఆ నడకలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తూనే, పాట సంగతి కూడా చెప్పాలి. లేనాను తలచుకుంటూ కట్టిన నావికుల పాటను అతను సొలెన్‌కు ఇస్తాడు, ఆమె హాయిగా పాడేస్తుంది. ప్రేమ ఎవరి మీదో తేలకపోయినా పాట మాత్రం పూర్తవుతుంది. అందుకే చివర్లో పాటలు రికార్డు చేసుకునే ఎనిమిది ట్రాకుల టేప్ రికార్డరు బేరం గురించి ఫోన్ రాగానే, అమ్మాయిల చిక్కులన్నీ వదిలేసి దాని కోసం బయలుదేరడం నాకు పిరికితనంగా తోచలేదు. అతనికి ఖచ్చితంగా కావలసినది అదొక్కటే. జూలై 17 మొదలుకొని తేదీలు ఒక్కొక్కటిగా తెరమీద పడుతుంటే, సెలవులు కరిగిపోతున్నాయన్న దిగులు మనకూ పట్టుకుంటుంది. చిత్రం విడుదలయ్యేనాటికి రోమేర్ వయసు 76. ఇరవై ఏళ్ళవాడి తడబాటును ఎక్కడా వెక్కిరించకుండా చూపించడం ఆ వయసులో ఎంతమందికి సాధ్యం?

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను గాస్పార్‌నే చూస్తూ మార్గోను సరిగా చూడలేదని ఇప్పుడు అర్థమైంది. దూరదేశంలో ఉన్న ప్రియుడి కోసం ఆమె కూడా ఎదురుచూస్తూనే ఉంది కదా! రేవు దగ్గర అతన్ని ముద్దుపెట్టుకుని సాగనంపాక, ఆమె ఒక్కతే వెనుదిరిగే ఘట్టాన్ని ఈ రాత్రి మళ్ళీ చూస్తాను.