పద్మిని కారు పెట్రోల్ పంపు: రిపేర్ కిట్ వేయించాలా, ఎలక్ట్రిక్‌ది పెట్టాలా?

నమస్తే అండి, మాది అమలాపురం. నాన్నగారి 1985 ప్రీమియర్ పద్మిని పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుద్ది గానీ ఎండెక్కాక రావులపాలెం దాటి జొన్నాడ వంతెన మీదకెళ్ళేసరికి గుక్కపట్టినట్టు ఆగిపోతుంది, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్ళీ కదులుద్ది. వేడికి పెట్రోల్ ఆవిరై అడ్డుపడతందేమో అనుకున్నా, కానీ పంపు కింద బెజ్జం దగ్గర పెట్రోల్ చెమ్మ కనపడతంది, డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పల్చగా పెట్రోల్ కంపు కొడతంది, అంటే లోపల డయాఫ్రమ్ (పెట్రోల్‌ని తోసే పల్చటి పొర) చిరిగినట్టే కదా. అందుకే బండి బయటికి తియ్యట్లేదు, ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.

మెకానిక్ గారు 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు పెట్టేద్దాం అంటున్నారు. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటర్‌కి ప్రెషర్ ఎక్కువైతే పొంగిపోద్ది, పైగా ఇంజన్ ఆగినా పంపు తోస్తానే ఉంటే మంటల భయం, నాకైతే ఒరిజినలే ఉంచాలనుంది.

20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్‌కి తట్టుకునే డయాఫ్రమ్ కిట్ రాజమండ్రి, కాకినాడ, బెజవాడ ఆటోనగర్‌లలో ఎక్కడైనా దొరుకుద్దా? పంపుకీ ఇంజన్‌కీ మధ్య గాస్కెట్లు పాత మందమే వెయ్యాలా? ఈ బండి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ప్లీజ్.